ద్వారమునొద్ద పరుల సాక్ష్యము

గత జూనులో పాఠశాల తెఱచిన మొదటి వారమున ఉపాధ్యాయుల సమావేశములో ఒక చిన్న ప్రశ్న పుట్టి పెద్ద చర్చగా పెరిగినది. మా పిల్లల మార్కులు, హాజరు, ఇంటిపని, ఫీజు రసీదులు ఇప్పుడు ఒక వెబ్ అప్లికేషనులో నుంచబడుచున్నవని చదువరులెఱుగుదురు. హైదరాబాదులో ప్రోగ్రామింగు పని చేయుచున్న మా పూర్వ విద్యార్థి యొకరు ప్రతిఫలము పుచ్చుకొనక దానిని చేసియిచ్చిరి. అందు ప్రవేశించుటకు ప్రతి విద్యార్థికిని ఒక పేరును, ఒక పాస్‌వర్డును చీటీమీద వ్రాసి యిచ్చుచుంటిమి. ఆ చీటీలతో పని లేకుండ గూగుల్ ఖాతాతో లోనికి వచ్చు బటను పెట్టవలెనని కొందఱును, పెట్టరాదని కొందఱును వాదించిరి. తొమ్మిది నెలలు గడచినవి. బటను పెట్టితిమి. దానివలన మేలు చూచితిమి, ఒక కీడును చూచితిమి. కావున మా యభిప్రాయమును దాచక ఇచ్చట వ్రాయుచున్నాము.

పాత పద్ధతిలోని యిక్కట్టు ముందు చెప్పవలెను. దసరా సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చునప్పటికి సగము చీటీలు పోయియుండును. అర్ధసంవత్సర పరీక్షల వారమున గుమాస్తాగారి కిటికీయొద్ద క్రొత్త పాస్‌వర్డుకొఱకు నిలిచిన వరుసను చూచినవారు మా మాట కాదనరు. కొందఱు బాలురు దానిని నోటుపుస్తకము అట్టమీద పెద్ద యక్షరములతో వ్రాసికొనిరి. ఒక తరగతిలో అడిగి చూడగా పదునొకండుగురికి ఒకటే పాస్‌వర్డు. అదియును మా పాఠశాల పేరే!

అయితే మఱచిపోవుట చిన్న కష్టము. పాస్‌వర్డులను కాపాడుట పెద్ద కష్టము. వాటిని ఉన్నవి యున్నట్లు దాచరాదు. మరల మొదటి రూపమునకు తేరాని విధముగా మార్చి దాచవలెను. సర్వరులోని ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు సరిచేయుచుండవలెను. రాత్రివేళ ఎవడైన వేలకొలది మాటలు ప్రయత్నించి తలుపు తట్టుచున్నాడేమో కనిపెట్టుచుండవలెను. మాకు అట్టి కావలివాడు లేడు. ఆ పూర్వ విద్యార్థి తన యుద్యోగము ముగించుకొని రాత్రి పది గంటల పిమ్మట మా పని చూచుచున్నారు. మన జనులు ఒక్క పాస్‌వర్డునే అన్ని చోట్లను వాడుదురు గనుక, మా పెట్టె పగిలినచో ఇతర ఖాతాల తలుపులును దానితోనే తెఱచుకొనవచ్చును. ఈ పనికే జీతములిచ్చి నిపుణులను పెట్టుకొనిన సంస్థ కావలి కాయుట మేలని వాదించిన మిత్రుల మాటలో బలము గలదు. మేమును ఆ పక్షముననే యుంటిమి, నేటికిని ఉన్నాము.

గుర్తుమాట అడిగి లోనికి రానిచ్చు ఆచారము క్రొత్తది కాదు. న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయమున, యొర్దాను రేవులయొద్ద గిలాదువారు పెట్టిన పరీక్షను మా బైబిలు తరగతి పిల్లలందఱు ఎఱుగుదురు. షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అనినవాడు ఎఫ్రాయిమీయుడని తేలెను. సరిగా పలికినవాని పేరేమో, ఊరేదో కాపలావారు విచారింపలేదు; పలికెనా లేదా యనునదే వారికి కావలసినది. పాస్‌వర్డు గుణమును అంతియే. వింతయేమనగా, ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థులను వేఱొక సంస్థ నమ్మి లోనికి రానిచ్చుటకై అమెరికాలో చేయబడిన ప్రోగ్రామునకు షిబ్బోలెత్ అనియే పేరు పెట్టిరి. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారు నడుపు ఇన్‌ఫెడ్ అను ఏర్పాటునకు ఆధారమిదియే. దానిలో చేరిన విద్యాసంస్థల విద్యార్థి తన సంస్థ యిచ్చిన ఖాతాతో ఇంటినుండియే శాస్త్ర పత్రికలను చదువగలడు. ఆ పత్రికలవారు అతనికి వేఱుగ పాస్‌వర్డు ఈయరు. అతని విద్యాసంస్థ చెప్పిన సాక్ష్యమును నమ్ముదురు.

వెబ్‌సైటులలో ఈ నమ్మకము నెమ్మదిగా కుదిరినది. ఇరువదియేండ్ల క్రిందట కొన్ని సైటులు, నీ స్నేహితుల చిరునామాలు తెచ్చిపెట్టెదము, నీ ఈమెయిలు పాస్‌వర్డు మాకిమ్మని నిస్సంకోచముగా అడుగుచుండెను. జనులును ఇచ్చుచుండిరి! ఒక్క ఉత్తరము తెమ్మని చెప్పి బంట్రోతు చేతికి ఇనుపపెట్టె తాళపుచెవి నిచ్చినట్లుండెను ఆ పని. 2005లో ఓపెన్ ఐడి అను పద్ధతి వచ్చెను. 2007లో ఓఆత్ మొదటి రూపము వెలువడెను. పాస్‌వర్డు ఈయకుండ, కావలసినంత అనుమతి మాత్రము ఇచ్చుట దాని యుద్దేశము. 2008లో ఫేస్‌బుక్‌వారు తమ ఖాతాతో ఇతర సైటులలో ప్రవేశించు బటనును తెచ్చిరి. ఓఆత్ రెండవ రూపము 2012 అక్టోబరులో ఆర్.ఎఫ్.సి. 6749 అను పత్రముగా ప్రకటింపబడెను. అయినను ఓఆత్ అనుమతిని గూర్చినదే గాని, వచ్చినవారెవరో చెప్పుటను గూర్చినది కాదు. ఈ కొఱత తీర్చుటకు 2014 ఫిబ్రవరిలో ఓపెన్ ఐడి కనెక్ట్ అనునది దానిమీద కట్టబడెను. మా గూగుల్ బటను వెనుక నడచునది ఇదియే. మా తెలుగు పండితులవారు ఈ బటనుకు మంచి తెలుగు పేరు పెట్టుదమని మూడు వారములు ఆలోచించి, తుదకు బటననియే ఉండనిచ్చిరి.

ఇది యెట్లు నడచునని పై తరగతుల విద్యార్థులు తఱచుగా అడుగుచున్నారు. టి.సి. ని తలంచుకొనినచో సులభముగా బోధపడును. పొరుగూరి బాలుడు మా పాఠశాలకు వచ్చినప్పుడు, నీవు నిజముగా ఏడవ తరగతి చదివితివా యని అతని ముఖము చూచి తేల్చుకొనము. పాత పాఠశాలనుండి టి.సి. తెమ్మందుము. వారు అతనిని ఎఱుగుదురు గనుక సంతకము చేసి, ముద్ర వేసి యిత్తురు. మేము ముద్ర చూతుము, తేదీ చూతుము, అందున్నది ఆ బాలుని పేరేనా యని చూతుము. ఇచ్చటను అట్లే జరుగును. మొదట మా అప్లికేషనును గూగుల్ యొద్ద నమోదు చేయింపవలెను. వారు మాకొక గుర్తింపు సంఖ్యను, సర్వరులో తప్ప మఱెచ్చటను కనబడరాని యొక రహస్యమును ఇత్తురు. విద్యార్థి తిరిగి రావలసిన చిరునామాను అక్షరము తప్పిపోకుండ మేము వారియొద్ద వ్రాయించి యుంచుదుము. బాలుడు బటను నొక్కగానే మా అప్లికేషను అతనిని గూగుల్ వాకిటికి పంపును. మా సంఖ్యయు, మేము కోరు వివరములును, ఎవరును ఊహింపజాలని యొక గుర్తును వెంట పోవును. అతడు తన పాస్‌వర్డును అచ్చటనే చెప్పును. అది మా చెవిని పడదు. గూగుల్‌వారు అతనిని ఒప్పుకొని, స్వల్పకాలములోనే చెల్లకుండ పోవు కోడునొకదానిని చేతికిచ్చి, నమోదైన చిరునామాకు మాత్రమే త్రిప్పి పంపుదురు. మేము పంపిన గుర్తు మార్పులేక తిరిగి వచ్చెనా యని అప్పుడు చూడవలెను. చూడనిచో ఎవడో తన కోడును మా బాలుని చేతిలో పెట్టి, తన ఖాతాను మా బాలుని పుటకు తగిలింపవచ్చును. పిమ్మట మా సర్వరు తానే గూగుల్‌తో నేరుగా మాటలాడి, ఆ కోడును మా రహస్యమును చూపి, సంతకము గల టోకెనును పుచ్చుకొనును.

టి.సి. వంటిది ఈ టోకెను. దానిని ఎవరిచ్చిరి, ఏ అప్లికేషనుకొఱకిచ్చిరి, ఏ ఖాతాను గూర్చి యిచ్చిరి, ఎప్పటివరకు చెల్లును అనునవి అందుండును. సంతకమును వీటిని సరిచూడక లోనికి రానిచ్చువాడు, ముద్ర చూడక టి.సి. పుచ్చుకొను హెడ్మాస్టరువంటివాడు. ఏ అప్లికేషనుకొఱకిచ్చిరి యనునది పలువురు మఱచుచుందురు. ప్రక్క పాఠశాల హెడ్మాస్టరుగారి పేర వ్రాసిన యుత్తరమును తెచ్చి ఒకడు మా బల్లమీద పెట్టినచో మేము ఒప్పుకొందుమా? ఈ పరీక్షలన్నిటిని స్వయముగా వ్రాసి చూచుట విద్యార్థులకు మంచి అభ్యాసమే. పిల్లల వివరములున్నచోట మాత్రము పదిమంది పరీక్షించి దిద్దిన సిద్ధమైన ప్రోగ్రామును వాడుటయే తగును. మా పూర్వ విద్యార్థియు అట్లే చేసిరి.

ఇంతవరకు యంత్రము తన పని చక్కగా చేసినది. తప్పు మాది.

మా బోర్డింగు హోములో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె యున్నది. ఆమె ఇంట స్మార్టుఫోను లేదు. ప్రవేశ ఫారములో ఈమెయిలు అను గడి యుండుటచేత, ఆమె తండ్రిగారు తన తమ్ముని ఫోనులోని చిరునామాను వ్రాయించిరి. ఆ చిరునామాతో గూగుల్ ఎవరిని పంపినను ఆ బాలిక పుట తెఱచునట్లు మేము ఏర్పాటు చేసియుంటిమి. ఆ పినతండ్రి కుమారుడును మా పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. అతని ఫారములో ఆ గడిని ఖాళీగా విడిచిరి. అక్టోబరులో ఒక సాయంకాలము అతడు తన మార్కులు చూడగోరి తండ్రి ఫోనులో బటను నొక్కెను. చెల్లెలి పుట తెఱచుకొనెను. అందు మార్కులతో పాటు ఫీజు లెక్కయు నుండెను; ఆమె ఫీజు బీదల నిధినుండి చెల్లింపబడినదని అందు వ్రాసియుండెను. బాలుడు దుష్టుడు కాడు. వేడుకకు ఇద్దఱితో చెప్పెను. మఱునాడు ప్రార్థన గంట కొట్టకముందే తరగతి యంతయు ఎఱిగెను.

ఆ బాలిక నాలుగు దినములు బడికి రాలేదు. తలనొప్పియని గోడవైపు తిరిగి పడుకొనియున్నదని వార్డెను అమ్మగారు చెప్పిరి. ఐదవ దినమున తండ్రిగారు వచ్చి, ఆ నిధి సొమ్ము మాకు వద్దయ్యా, పిల్లను తీసికొనిపోయెదను, అనిరి. ఆయనను కూర్చుండబెట్టి, తప్పు మాదని ఒప్పుకొని, క్షమింప వేడుకొంటిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ గంట మాకు మఱపురాదు. బాలిక ఉండిపోయినది గాని, నేటికిని తన పుట తెఱచుటకు ముందు వెనుకకు తిరిగి చూచును.

గూగుల్ అసత్యము చెప్పలేదు. ఈ ఖాతా వచ్చియున్నదని చెప్పెను, అది నిజమే. ఆ ఖాతా మా బడిలో ఏ బిడ్డదో దానికి తెలియదు, తెలియ నక్కఱయు లేదు. అది మేము చెప్పవలసిన మాట. ఆ మాటను మేము విచారింపక, ఫారములోని గడిమీద విడిచితిమి. పరుల సాక్ష్యము వాకిటివరకు చాలును. లోపల ఏ గది ఎవరిదో నిర్ణయించుట ఇంటివారి పని. ఈ బటనును గూర్చి మా వాదమంతయు ఇందే యున్నది. ఒక మనిషికి ఒక ఫోను, ఒక ఫోనుకు ఒక ఖాతా యను తలంపుతో దీనిని కల్పించిరేమో గాని, మన పల్లెలలో ఒక్క ఫోనును నలుగురు వాడుదురు. ఫోను అమ్మిన దుకాణదారుడే ఖాతా తెఱచి యిచ్చుటయు గలదు. అట్టిచోట ఆ ఖాతా పాస్‌వర్డు ఏమియో ఇంటివారికే తెలియదు.

చిరునామాను పట్టుకొనుటలో మఱియొక పొరపాటును గలదు. ఈమెయిలు చిరునామా మారవచ్చును. ఒకరు విడిచినదానిని కొన్ని సంస్థలు మఱియొకరికి ఈయవచ్చును. ఆపిల్‌వారు 2019లో తెచ్చిన బటనులో, వాడుకరి కోరినయెడల తన నిజమైన చిరునామాను సైటునకు తెలియనీయక, మాఱు చిరునామాను ఇయ్యవచ్చును. కాని టోకెనులో ప్రతి ఖాతాకును మారని సంఖ్య యొకటి యుండును. చిరునామాను గాక ఆ సంఖ్యనే ఖాతాకు గుర్తుగా నుంచుకొనవలెనని గూగుల్‌వారే తమ సూచనలలో వ్రాసియున్నారు. మేము ఆ సూచనను ముందు చదువలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చితిమి. గూగుల్ ఖాతా తనంతట తాను ఏ పుటకును అతుకుకొనదు. తల్లియో తండ్రియో ఫోనుతో ఆఫీసునకు రావలెను. గుమాస్తాగారు బిడ్డ పేరు చదివి వినిపింతురు. బిడ్డ ముందు పాఠశాల యిచ్చిన పాస్‌వర్డుతో లోనికి వచ్చి, పిమ్మట ఆ ఖాతాను తన పుటకు కలుపుకొనును. తలిదండ్రుల ఖాతా వేఱు, బిడ్డ ఖాతా వేఱు. తలిదండ్రుల ఖాతాతో వచ్చినచో తమ పిల్లలందఱి పేర్లును కనబడును, ఏ పుట కావలెనో వారే యెంచుకొందురు. ఫీజు లెక్క తలిదండ్రులకు తప్ప ఎవరికిని కనబడదు. ఈ చివరిది మొదటి దినముననే చేయవలసిన పని. దానికి గూగుల్‌తో సంబంధమే లేదు.

ఇక బటను వలదనిన మిత్రుల మాట. పరుల ద్వారముమీద ఆధారపడినచో ఆ ద్వారము మూయబడిన దినమున మన గతి యేమని వారడిగిరి. ఇది న్యాయమైన ప్రశ్న. 2021 అక్టోబరు 4వ తేదీన, మన దేశమున రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిదప, ఫేస్‌బుక్ సుమారు ఆఱు గంటలు ప్రపంచమంతట ఆగిపోయెను. ఆ ఖాతాతో ఇతర సైటులలో ప్రవేశించువారు ఆ సైటులు చక్కగా నడచుచుండినను బయటనే నిలిచిరి. మోజిల్లావారు 2011లో మొదలిడిన పెర్సోనా అను ప్రవేశ పద్ధతి 2016 నవంబరు చివరను మూయబడెను. పెద్ద సంస్థలకు దొంగభయము లేదనుటయు సరికాదు. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లోని లోపముల మూలమున టోకెనులు దొంగిలింపబడెను. మొదట 5 కోట్ల ఖాతాలని చెప్పి, పిమ్మట సుమారు 3 కోట్లని ఆ సంస్థయే ప్రకటించెను. ఆపిల్‌వారి బటనులో ఎవరి ఈమెయిలు పేరనైనను టోకెను సంపాదింపదగిన లోపమును ఒక భారతీయ యువకుడు కనిపెట్టి తెలుపగా, ఆ సంస్థ సరిదిద్దుకొని 1,00,000 డాలర్ల బహుమానమిచ్చెను. 2020లో ఈ సంగతి వెల్లడియయ్యెను.

ఇవి విని మేము బటను తీసివేయలేదు. పాఠశాల స్వంత ద్వారమును మూయరాదని మాత్రము తీర్మానించితిమి. చీటీ పాస్‌వర్డు ఉండును. గూగుల్ ఖాతా పోయినవారును, అసలు లేనివారును, పెట్టుకొన నిష్టపడనివారును దానితో రావచ్చును. మార్కులు చూచుటకు ఒక విదేశ సంస్థయొద్ద ఖాతా తెఱువుమని ఏ బిడ్డను గాని బలవంతపెట్టుట మిషను పాఠశాలకు తగదు. రెండు ద్వారములను కాచుట గుమాస్తాగారికి శ్రమయే. ఆయన ఈ మాట సమావేశములోనే గట్టిగా చెప్పిరి. అయినను పరీక్షల వారమున కిటికీయొద్ద వరుస ఈ యేడు సగము కూడ లేదని ఆయనయే ఒప్పుకొనిరి.

పిల్లల సంగతులు గూగుల్‌కు తెలియునేమోనని పలువురు తల్లులు అడిగిరి. మార్కులు పోవు; అవి మా సర్వరులోనే యుండును. ఈ ఖాతా ఈ సైటులో ఇన్ని గంటలకు ప్రవేశించెననునది మాత్రము వారికి తెలియును. మేము వారినుండి కోరునది పేరు, ఈమెయిలు, ఖాతా సంఖ్య యింతియే. స్నేహితుల చిరునామాలు గాని, ఫైళ్లు గాని, క్యాలెండరు గాని కోరము. ఏ సైటైనను బటను నొక్కగానే అంతకంటె ఎక్కువ అడిగినచో, ఆ పట్టికను చదివి, కూడదని వెనుకకు రండని విద్యార్థులకు చెప్పుచున్నాము. 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి వివరములు పుచ్చుకొనుటకు తలిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. పాఠశాలలకు ఇందు ఎంత సడలింపు గలదో న్యాయవాదులు చెప్పుదురు గాక; కరెస్పాండెంటుగారు సమ్మతి పత్రములను తెలుగులో అచ్చువేయించిరి. సంతకము చేయజాలనివారికి దానిని చదివి వినిపింపవలెను.

రాబోవు జూను మొదటి వారమున, ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు గంటలవరకు, ఖాతాలు కలుపుకొనుటకు ఆఫీసు తెఱచియుండును. ఫోను లేనివారును రావలెను. వారికి చీటీయు, గ్రంథాలయములోని కంప్యూటరు దగ్గఱ ఒక వేళయు ఇయ్యబడును. మేము చెప్పిన బాలిక ఇప్పుడు అట్లే సాయంకాలము నాలుగున్నరకు వచ్చి చూచుకొనుచున్నది. ఆమె పుటలో గూగుల్ ఖాతాకని విడిచిన చోటు ఖాళీగా నున్నది. నింపుమని మేమడుగలేదు.